అమెరికాలో అంత్యక్రియలు: శవపేటిక ధర వెనకున్న లెక్కలు

అమెరికాలో మనవాళ్ల ఇంట్లో ఎవరైనా పోతే, ఏడవడానికి కూడా టైమ్ ఇవ్వకుండా ఒక ప్రశ్న వచ్చి పడుతుంది: "ఏ ఫ్యునరల్ హోమ్‌కి కబురు చేయమంటారు?" ఫ్యునరల్ హోమ్ అంటే శవాన్ని తీసుకెళ్లి అంత్యక్రియల ఏర్పాట్లన్నీ డబ్బుకు చేసిపెట్టే సంస్థ. ఆస్పత్రిలో అయితే నర్సు అడుగుతుంది. ఇంట్లోనే హాస్పిస్ సంరక్షణలో, అంటే చివరి రోజుల్లో బాధ లేకుండా చూసుకునే సేవలో, ఉన్న పెద్దవాళ్లయితే హాస్పిస్ వాళ్లు అడుగుతారు. ఆ టెన్షన్‌లో ఎవరో ఒకరు ఫోన్ తీసి, మ్యాప్‌లో దగ్గరగా కనిపించిన పేరు చెప్పేస్తారు. ఖర్చు సంగతి సగం అక్కడే తేలిపోతుంది. ఆ విషయం బిల్లు చేతికొచ్చాక గానీ మనకు తెలీదు.

కొత్తిమీర కట్ట దగ్గర కూడా బేరమాడే వాళ్లం చావు దగ్గర నోరెత్తం. ఎత్తితే నలుగురూ ఏమనుకుంటారోనని బెరుకు. పోయినవాళ్లకు తక్కువ చేసినట్టవుతుందేమోనని ఇంకో బాధ. ఫ్యునరల్ హోమ్‌ల వాళ్లంతా మోసగాళ్లేమీ కాదు. ఓపిగ్గా, మర్యాదగా పని చేసిపెట్టే డైరెక్టర్లు చాలామందే ఉన్నారు. కానీ అది వ్యాపారం. ధరలు ఎలా కడతారో తెలియని కుటుంబం అక్కడ అవసరానికి మించి కట్టడం మామూలే.

డబ్బు ఆదా గురించి మాట్లాడే వాళ్లందరూ ముందు శవపేటిక దగ్గర మొదలుపెడతారు. "పెట్టె బయట కొంటే చవక" అన్నది అందరూ చెప్పే సలహా. తప్పు సలహా కాదు. అయితే పెట్టె ఒక్కదాన్నే పట్టుకుని పోల్చితే మిగిలే డబ్బు, బిల్లులో ఇంకో గీత దగ్గర పోయే అవకాశం ఉంది. ఎందుకో అర్థం కావాలంటే ఈ ధరల చరిత్ర కొంచెం చూడాలి.

ఒకప్పుడు అన్నీ పెట్టెలోనే

1984కి ముందు చాలా ఫ్యునరల్ హోమ్‌లలో విడివిడి ధరలు ఉండేవి కావు. పేటిక ఎంచుకుంటే ఆ పేటిక మీద రాసిన ధరే మొత్తం ధర. శవాన్ని తీసుకురావడం, హాలు, సిబ్బంది, బండి, కాగితాల పని, అన్నీ అందులో కలిపేసేవారు. ఖరీదైన పెట్టె తీసుకున్న కుటుంబం అవే సేవలకు ఎక్కువ కట్టేది. ఏ పనికి ఎంత తీసుకున్నారో ఎవరికీ తెలిసేది కాదు.

1984 ఏప్రిల్ 30న, వినియోగదారులకు అన్యాయం జరక్కుండా చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్, అంటే ఎఫ్‌టీసీ, తెచ్చిన 'ఫ్యునరల్ రూల్' అమల్లోకి వచ్చింది. దాని సారం ఇది: ప్రతి వస్తువుకూ, ప్రతి సేవకూ విడిగా ధర రాయాలి. అక్కర్లేనివి కుటుంబం వద్దనొచ్చు. ఫోన్‌లో అడిగినా ధర చెప్పాలి. స్వయంగా వెళ్లి అడిగిన వాళ్లకు 'జనరల్ ప్రైస్ లిస్ట్' అనే కాగితం చేతికివ్వాలి, ఇంటికి తీసుకెళ్లనివ్వాలి. పేటికలు చూపించే ముందే వాటి ధరల పట్టీ చూపించాలి. పేటిక బయట కొని తెచ్చుకుంటామంటే కాదనకూడదు.

అప్పుడు కొన్ని సంస్థలు ఒక ఉపాయం చేశాయి. బయట కొన్న పెట్టెకు 'హ్యాండ్లింగ్ ఫీజు' పేరుతో విడిగా వసూలు చేయడం మొదలుపెట్టాయి. 1994లో రూల్‌ని సవరించి దాన్నీ నిషేధించారు. ఇక లాభం ఎక్కడ చూసుకోవాలి? రూల్‌లోనే ఒక వెసులుబాటు ఉంది. 'బేసిక్ సర్వీసెస్ ఫీ' అని ఒకటి ఉంటుంది. డైరెక్టర్ సమయం, ఆఫీసు ఖర్చు, పర్మిట్లు, కాగితాలు వగైరాలకు. కుటుంబం వద్దనడానికి వీల్లేని ఫీజు అదొక్కటే. పెట్టె మీద పోటీ పెరిగేకొద్దీ ఈ ఫీజు బరువెక్కింది. ఇప్పుడు చాలాచోట్ల పెట్టెకూ దీనికీ ఇంచుమించు ఒకే ధర.

నేషనల్ ఫ్యునరల్ డైరెక్టర్స్ అసోసియేషన్, అంటే ఈ వ్యాపారుల సంఘమే, 2023లో ఇచ్చిన మధ్యస్థ ధరలు చూడండి. బేసిక్ సర్వీసెస్ ఫీ 2,495 డాలర్లు. మెటల్ పేటిక 2,500. శవాన్ని తీసుకురావడానికి 395. ఎంబామింగ్, అంటే శవం త్వరగా చెడిపోకుండా మందులు ఎక్కించడం, 845. స్నానం, బట్టలు, అలంకరణ లాంటి వాటికి 295. చూడ్డానికి వచ్చే వాళ్ల కోసం హాలుకు 475, కార్యక్రమానికి హాలు, సిబ్బందికి 550. శవవాహనం 375, ఇంకో బండి 175, కార్డులూ కాగితాలూ అచ్చు వేయడానికి 195. మొత్తం 8,300. ఖననం చేసే చోట గోతిలో దింపే కాంక్రీటు పెట్టె, వాళ్ల భాషలో 'వాల్ట్', కలిపితే 9,995. సమాధి స్థలం, తవ్వడం, పూడ్చడం, రాయి, వీటి ఖర్చు ఇందులో లేనే లేదు.

ఇప్పుడు ఒక ఊహాజనిత లెక్క. ఒకచోట బేసిక్ ఫీ 1,800, పెట్టె 2,800. ఇంకోచోట బేసిక్ ఫీ 3,600, పెట్టె 1,400. రెండో చోట పెట్టె సగం ధరకే వస్తుంది, మొత్తం మాత్రం 400 డాలర్లు ఎక్కువ. పెట్టెలు మాత్రమే పోల్చిన వాడు రెండోచోటికే వెళ్తాడు.

షోరూమ్‌లో జరిగేది

పేటికల గది నగల షాపులాగే ఉంటుంది: లైటింగ్ బాగుంటుంది, ధర చీటీ చిన్నగా ఉంటుంది. ఎఫ్‌టీసీ తన వినియోగదారుల సలహాల్లో ఒక మాట చెబుతుంది. సగటు కొనుగోలుదారు చూపించిన మొదటి మూడింట్లోనే ఒకటి కొంటాడు, అదీ సాధారణంగా మూడింట్లో మధ్య ధర ఉన్నది. ఇది అమ్మేవాళ్లకూ తెలుసు. అందుకే మొదట కనిపించే మూడూ ఏవో వాళ్లు ఆలోచించే పెడతారు. చవకవి లోపలి మూల ఉండొచ్చు, ఎవరికీ నచ్చని రంగులో ఉండొచ్చు, లేదా గదిలో అసలు ఉండకపోవచ్చు. ధరల పట్టీలో మాత్రం ఉంటాయి. పట్టీ ముందు చదివి, అందులో చవకది చూపించమని అడగాలి. అదే చవకది వేరే రంగులో ఉందా అని కూడా అడగండి, చాలాసార్లు ఉంటుంది.

స్టీలు పేటికల మీద 20 గేజ్, 18 గేజ్, 16 గేజ్ అని ఉంటుంది. మనం పెద్ద నంబరు గట్టిదనుకుంటాం. తిరగేసి ఉంటుంది, నంబరు తగ్గేకొద్దీ రేకు మందం. 20 గేజ్ రేకు మిల్లీమీటరు లోపే ఉంటుంది. మట్టిలో పెట్టేదానికి ఈ తేడా ఏ పనికొస్తుందో నాకైతే అర్థం కాదు. పాడె మోసేవాళ్లకు బరువు తప్ప. రాగి, కంచు, మహాగని పేటికలు 10,000 డాలర్ల దాకా పోతాయని ఎఫ్‌టీసీ చెబుతుంది. మామూలు పేటిక సగటు 2,000కు కాస్త పైన.

ఇంకొకటి 'సీలర్', 'ప్రొటెక్టివ్', 'గ్యాస్కెటెడ్' అనే మాటలు. మూత చుట్టూ ఒక రబ్బరు పట్టీ, అంతే. నీళ్లు, మట్టి లోపలికి రావడాన్ని కొంత ఆపుతుంది, ధర మాత్రం బాగా పెంచుతుంది. ఆ పట్టీ వల్ల దేహం ఎప్పటికీ చెడిపోదని చెప్పడం ఫ్యునరల్ రూల్ ప్రకారం నేరుగా నిషేధం. ఎవరైనా ఆ మాట అంటే, ఆ మనిషి చెప్పే మిగతా మాటల్ని కూడా తూచి వినడం మంచిది.

సన్యాసుల పెట్టెలు

పెట్టె బయట కొనే హక్కు కాగితం మీద 1984 నుంచే ఉన్నా, కొన్ని రాష్ట్రాలు ఇంకో దారిలో దాన్ని అడ్డుకున్నాయి. ఫ్యునరల్ డైరెక్టర్ లైసెన్సు లేనివాళ్లు పేటికలు అమ్మకూడదని చట్టాలు ఉండేవి. టెనెసీలో అలాంటి చట్టాన్ని 2002లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు కొట్టేసింది. చట్టనూగాలో పేటికల దుకాణం పెట్టిన నథానియల్ క్రెయిగ్‌మైల్స్ అనే పాస్టర్ వేసిన కేసు అది. రెండేళ్ల తర్వాత ఓక్లహోమా చట్టం విషయంలో ఇంకో అప్పీళ్ల కోర్టు అందుకు పూర్తిగా విరుద్ధంగా తీర్పిచ్చింది. స్థానిక వ్యాపారానికి రక్షణ కల్పించడం రాష్ట్రాల ఇష్టమేనంది.

అన్నిట్లోకీ బాగా తెలిసింది లూసియానా కథ. కోవింగ్టన్ ఊరి దగ్గర సెయింట్ జోసెఫ్ అబే అనే బెనెడిక్టిన్ (కేథలిక్ సన్యాసుల) మఠం ఉంది. అక్కడి సన్యాసులు తమలో ఎవరైనా పోతే సాదా చెక్క పెట్టె తామే చేసుకునేవారు. 2005లో కత్రీనా తుఫాను వాళ్ల అడవిని నాశనం చేసింది. కలప అమ్మి మఠాన్ని నడుపుకునే వాళ్లు కాబట్టి ఆ ఆదాయం పోయింది. దాంతో పెట్టెలు చేసి బయటివాళ్లకు అమ్ముదామనుకున్నారు, 2007లో మొదలుపెట్టారు. ధర 1,500, 2,000 డాలర్లు. రాష్ట్ర ఎంబామర్లు, ఫ్యునరల్ డైరెక్టర్ల బోర్డు వెంటనే ఆపమంది. ఆ పెట్టె అమ్మాలంటే సన్యాసులు ఎంబామింగ్ గదితో సహా ఫ్యునరల్ హోమ్ కట్టాలి, లైసెన్సున్న డైరెక్టర్ని పెట్టుకోవాలి. సన్యాసులు కోర్టుకెళ్లారు. 2013లో ఐదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు వాళ్ల పక్షాన తీర్పిచ్చింది. విశేషమేమిటంటే, ఆ రాష్ట్రంలో అసలు పేటిక లేకుండా పాతిపెట్టినా చట్టం ఏమీ అనదు. ఇక పేటిక ఎవరు అమ్మితే ప్రజారోగ్యానికి ఏం ముప్పని కోర్టు అడిగింది.

ఇప్పుడు పేటికలు ఆన్‌లైన్‌లో బాగానే దొరుకుతున్నాయి. కాస్ట్‌కో 2004 నుంచి అమ్ముతోంది, తర్వాత వాల్‌మార్ట్ కూడా ఆన్‌లైన్‌లో మొదలుపెట్టింది. మామూలు స్టీలు పేటిక వెయ్యీ పదిహేనొందల డాలర్ల మధ్య దొరకడం కష్టమేమీ కాదు. కొన్నప్పుడు పెట్టె నేరుగా ఫ్యునరల్ హోమ్‌కి వెళ్తుంది. దింపేటప్పుడు మీరు అక్కడ ఉండాలని వాళ్లు పట్టుబట్టకూడదు. మీ తరఫున ఎవరైనా వెళ్లి గీతలూ సొట్టలూ పడలేదని చూసుకుంటే మాత్రం మంచిది.

ఇక్కడే ఆ మెలిక ఉంది. ఫ్యునరల్ హోమ్‌లు 'ప్యాకేజీ' ఇస్తాయి: సేవలూ పేటికా కలిపి తీసుకుంటే ఇంత తగ్గింపు అని. ఇది చట్టబద్ధమే. పెట్టె బయట తెచ్చుకుంటే ఆ తగ్గింపు పోతుంది, సేవలన్నీ విడి ధరలకు వస్తాయి. పెట్టెలో మిగిలిన 900 అక్కడ 700 కింద పోయిందనుకోండి, మీకు మిగిలేది 200, పైగా బోలెడంత హైరానా. అందుకే పోల్చాల్సింది రెండు మొత్తాలు. ప్యాకేజీ మొత్తం ఒకవైపు, విడి ధరలు ప్లస్ బయటి పెట్టె ఒకవైపు. ప్యాకేజీలో మీకు అక్కర్లేనివి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం మర్చిపోవద్దు. పావురాలు ఎగరేయడం, స్లైడ్ షో, చర్మంతో కుట్టిన అతిథుల పుస్తకం, ఇలాంటివి.

మన పద్ధతిలో దహనం చేసేవాళ్లకు

అమెరికాలో ఇప్పుడు పోయినవాళ్లలో 60 శాతానికి పైగా దహనమే చేస్తున్నారు. మనలో హిందువులు దాదాపు అందరూ అదే. అయినా చాలా తెలుగు కుటుంబాలు రెండు వేల డాలర్ల పేటిక కొంటున్నాయి. ఎందుకంటే ఎవరూ చెప్పలేదు కాబట్టి.

దహనానికి పేటిక అక్కర్లేదు. మెటల్ పేటిక అయితే దహన యంత్రంలోకి అసలు పోదు. గట్టి అట్టతోనో పల్చటి చెక్కతోనో చేసిన 'ఆల్టర్నేటివ్ కంటెయినర్' చాలు. డైరెక్ట్ క్రిమేషన్, అంటే ఏ కార్యక్రమమూ లేకుండా నేరుగా దహనం, చేసే ప్రతి ఫ్యునరల్ హోమూ దాన్ని అందుబాటులో ఉంచాలి. పేటిక కొనాల్సిందేనని చెప్పడం రూల్‌కి విరుద్ధం. 2023 లెక్కల్లో దాని మధ్యస్థ ధర 160 డాలర్లు. దాని మీద తెల్లటి పంచో పట్టుచీరో కప్పి, పూలదండలు వేస్తే కింద ఉన్నది అట్టపెట్టె అని కనిపించదు.

అట్టపెట్టెలో పడుకోబెట్టడానికి మనసొప్పకపోతే, అద్దె పేటిక ఉంది. పైన చూడ్డానికి మంచి చెక్క పేటికే, లోపల బయటికి తీయగలిగే పెట్టె ఉంటుంది. కార్యక్రమం అయ్యాక పాదాల వైపు పలక తెరిచి లోపలి పెట్టెను లాగుతారు, దహనానికి అది మాత్రమే వెళ్తుంది. 2021లో అద్దె మధ్యస్థంగా 995 డాలర్లు. దహనం కోసమే చేసిన చెక్క పేటిక కొంటే 1,310. అద్దె మరీ చవకేమీ కాదని ఈ అంకెలే చెబుతున్నాయి.

వ్యాపారుల సంఘం లెక్కలో చూపుకు ఉంచి, తర్వాత దహనం చేసే అంత్యక్రియకు 2023లో 6,280 డాలర్లు. ఇందులో మనకు అవసరం లేనివి తీసేద్దాం. ఎంబామింగ్ 845, విడిగా చూపుల హాలు 475, రెండో బండి 175, అచ్చు కాగితాలు 195, అస్థికలకు అలంకార కలశం 295. కలశం కొనకపోయినా ఒక సాదా డబ్బాలో పెట్టి ఇస్తారు. గోదావరిలోనో కృష్ణలోనో కలిపేదానికి అది చాలు. ఇవి పోతే మిగిలేది 4,295. ఇందులో హాలు, స్నానం, బట్టలు, పంతులుగారు మంత్రాలు చదివే కార్యక్రమం, దహనం, అన్నీ ఉన్నాయి.

ఎంబామింగ్ గురించి ఒక మాట. ప్రతి చావుకూ ఎంబామింగ్ తప్పనిసరి అనే చట్టం ఏ రాష్ట్రంలోనూ లేదు. రెఫ్రిజరేషన్ సరిపోతుంది. అయితే పదిమందీ వచ్చి చూసేలా ఉంచాలంటే ఎంబామింగ్ కావాలని కొన్ని ఫ్యునరల్ హోమ్‌లు తమ సొంత నియమంగా పెడతాయి. "ఇంటివాళ్లమే కాసేపు చూసుకుంటాం" అంటే చాలాచోట్ల ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే ఇంకోచోట అడగండి. మీ అనుమతి లేకుండా ఎంబామింగ్ చేసి డబ్బు అడగడం కూడా, చట్టం కోరిన సందర్భాల్లో తప్ప, కుదరదు.

ఇంకొన్ని చిన్న ఖర్చులు ముందే అడగాలి. దహనయంత్రం దగ్గర కుటుంబం నిలబడి, కొడుకో కూతురో బటన్ నొక్కడానికి 'విట్‌నెస్' ఫీజు విడిగా ఉంటుంది. స్నానం మనవాళ్లే చేయించుకుంటామంటే గదికి తీసుకుంటారా లేదా అడగాలి. పేస్‌మేకర్ ఉంటే దహనానికి ముందు తీయాలి, దానికీ కొన్నిచోట్ల చార్జీ. టెక్సాస్, ఫ్లోరిడాల్లో చనిపోయాక దహనానికి 48 గంటలు ఆగాలన్న నియమం ఉంది, ఆ రోజులకు ఫ్రిజ్ అద్దె ఉందేమో చూసుకోవాలి. నెయ్యి, కొబ్బరికాయ, చందనం లోపల పెట్టనిస్తారా అన్నది డబ్బు సంగతి కాకపోయినా ఫోన్‌లోనే తేల్చుకుంటే అక్కడికెళ్లాక గొడవ ఉండదు.

ఫోన్ చేసే మనిషి ఎవరు

ఇంత చెప్పాక కూడా అసలు డబ్బు మిగిలేది ఒకే చోట: దేహాన్ని ఎవరు తీసుకెళ్లారన్నది. ఒకసారి ఒక ఫ్యునరల్ హోమ్‌కి చేరాక మార్చుకోవచ్చు, కానీ రవాణా రెండుసార్లు కట్టాలి. పైగా ఆ స్థితిలో మార్చే ఓపిక ఎవరికుంటుంది? అందుకని నర్సు అడిగినప్పుడు తడుముకోకుండా "కొన్ని గంటలు టైమ్ ఇవ్వండి" అనండి. ఆస్పత్రి మార్చురీలో సాధారణంగా కొంతసేపు ఉంచుతారు, ఎంతసేపో అడిగి తెలుసుకోండి. ప్రమాదంలోనో అకస్మాత్తుగానో పోతే దేహం మెడికల్ ఎగ్జామినర్ (అలాంటి మరణాలకు కారణం తేల్చే ప్రభుత్వ అధికారి) దగ్గరే ఉంటుంది కాబట్టి టైమ్ ఇంకా ఎక్కువ దొరుకుతుంది.

ఆ టైమ్‌లో ఫోన్ చేసేది భార్యో కొడుకో కాకూడదు. స్నేహితుడు చేయాలి. కళ్లు తుడుచుకుంటూ ధర అడిగే మనిషికీ, కాగితం పెన్ను పట్టుకుని అడిగే మనిషికీ వచ్చే జవాబులు ఒకటి కావు. ధరల్లో తేడా ఎంత ఉంటుందంటే, 2015లో కన్స్యూమర్ ఫెడరేషన్ ఆఫ్ అమెరికా, ఫ్యునరల్ కన్స్యూమర్స్ అలయన్స్ కలిసి పది ప్రాంతాల్లో చేసిన సర్వేలో డైరెక్ట్ క్రిమేషన్ ధర ఒకచోట 495 డాలర్లు, ఇంకోచోట 7,595. ఏ కార్యక్రమమూ లేకుండా తీసుకెళ్లి దహనం చేసి అస్థికలు ఇచ్చే పని అది.

అడగాల్సింది ఇంచుమించు ఇలా: "డైరెక్ట్ క్రిమేషన్‌కు మొత్తం ఎంత? అందులో క్రిమేటరీ ఫీజు కలిసిందా? రవాణా ఎన్ని మైళ్ల వరకు? ఆల్టర్నేటివ్ కంటెయినర్ కలిపే చెప్పారా? దానికి గంట కార్యక్రమం కలిపితే ఎంత పెరుగుతుంది? జనరల్ ప్రైస్ లిస్ట్ ఈమెయిల్ చేయగలరా?" రెండో ప్రశ్న ముఖ్యం. క్రిమేటరీ అంటే దహనం చేసే చోటు. వెబ్‌సైట్‌లో పెద్ద అక్షరాలతో రాసిన ధరలో క్రిమేటరీ ఫీజు లేదని కింద చిన్న అక్షరాల్లో ఉండటం మామూలే. ఈమెయిల్ చేయాలన్న నిబంధన లేదు, వెబ్‌సైట్‌లో పెట్టాలని కూడా ఫెడరల్ రూల్ అనదు. అయినా వెంటనే పంపేవాళ్లు చాలామంది ఉన్నారు. పంపనివాళ్ల గురించి అదే ఒక సమాచారం.

ఫోన్‌లో ధర చెప్పడం మాత్రం వాళ్లకు తప్పదు. ఎఫ్‌టీసీ సిబ్బంది మామూలు జనంలా 250కి పైగా ఫ్యునరల్ హోమ్‌లకు ఫోన్ చేసి పరీక్షించారు. 2024 జనవరిలో 39 సంస్థలకు హెచ్చరిక లేఖలు వెళ్లాయి. రూల్ ఉల్లంఘనకు జరిమానా ఒక్కోదానికి 50,000 డాలర్లు దాటుతుంది.

మూడు చోట్ల అడిగితే మూడు వేర్వేరు సంస్థలనే గ్యారంటీ లేదు. హ్యూస్టన్ కేంద్రంగా ఉన్న సర్వీస్ కార్పొరేషన్ ఇంటర్నేషనల్ ఈ రంగంలో దేశంలోనే పెద్దది. 'డిగ్నిటీ మెమోరియల్' దాని బ్రాండే. పెద్ద కంపెనీలు స్థానిక ఫ్యునరల్ హోమ్‌ని కొన్నాక పాత కుటుంబం పేరునే బోర్డు మీద ఉంచేస్తాయి. "మీ యజమాని ఎవరు?" అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

ఊరికి పంపాలనుకుంటే

స్టూడెంట్ వీసా మీద వచ్చిన పిల్లలు, మనవల్ని చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నలు పోయినప్పుడు పార్థివదేహాన్ని ఇండియా పంపాలన్న నిర్ణయం వస్తుంది. ఇక్కడ లెక్క మారుతుంది. విమానంలో పంపాలంటే ఎంబామింగ్ చేయించాలి. దాని సర్టిఫికెట్, అంటువ్యాధి లేదన్న పత్రం, మరణ ధ్రువీకరణ, ఇండియన్ కాన్సులేట్ నుంచి నిరభ్యంతర పత్రం, రద్దు చేసిన పాస్‌పోర్టు కావాలి. ఈ పని తరచూ చేసిన ఫ్యునరల్ హోమ్ దొరికితే రోజులు కలిసొస్తాయి. ఇక్కడ వందో రెండొందలో ఎక్కువైనా అనుభవం ఉన్నవాళ్లనే తీసుకోమంటాను.

పెట్టె విషయంలో మాత్రం జాగ్రత్త. విమానానికి కావాల్సింది సీలు చేసి, ఎయిర్‌లైన్ నిబంధనలకు సరిపోయే సాదా పెట్టె. బరువైన స్టీలు, గట్టి చెక్క పేటికలు ధర పెంచడమే కాకుండా కార్గో చార్జీ కూడా పెంచొచ్చు. శంషాబాద్‌లో దిగి, అంబులెన్సులో ఊరు చేరాక ఆ పేటిక మూత తెరిచి, దేహాన్ని తీసి పాడె మీద పెడతారు. పెట్టె వాకిట్లో పక్కన పడి ఉంటుంది. దాన్నేం చేయాలో ఎవరికీ తెలీదు. మూడు వేల డాలర్లు పెట్టి కొన్నా, ఎనిమిదొందలకు కొన్నా ఆ వాకిట్లో దాని గతి ఒకటే.

జనరల్ ప్రైస్ లిస్ట్‌లో 'ఫార్వర్డింగ్ ఆఫ్ రిమెయిన్స్' అని ఒక అంశం తప్పకుండా ఉండాలి. దేహాన్ని ఇంకోచోటికి పంపేందుకు కావాల్సిన సేవలన్నీ కలిపిన ధర అది. విమాన చార్జీ, పెట్టె అందులో ఉన్నాయా అన్నది అడిగి చూసుకోవాలి. ఇక్కడే దహనం చేసి అస్థికలు తీసుకెళ్తే ఖర్చు చాలా తగ్గుతుంది. అస్థికలు చేతి సామానులోనే పట్టుకెళ్లొచ్చు. లోహపు కలశమైతే ఎక్స్‌రేలో లోపల కనిపించక సెక్యూరిటీ దగ్గర ఆపేస్తారు, చెక్కదో ప్లాస్టిక్‌దో అయితే ఇబ్బంది లేదు. దీనికీ కాన్సులేట్ పత్రం తీసుకోవాలి.

డబ్బు ఎక్కడి నుంచి అన్న ప్రశ్నకు మనవాళ్లు విరాళాల పేజీ వైపే చూస్తారు. దానికంటే ముందు విజిటర్ ఇన్సూరెన్స్ పాలసీ కాగితాలు తీసి చూడండి. చాలావాటిలో దేహాన్ని స్వదేశానికి పంపే ఖర్చు ఉంటుంది. షరతేమిటంటే ముందు వాళ్ల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి, వాళ్ల అనుమతితోనే ఏర్పాట్లు చేయాలి. అన్నీ అయ్యాక బిల్లు పంపితే చెల్లించకపోవచ్చు. నిజంగా స్తోమత లేని సందర్భాల్లో కాన్సులేట్ దగ్గర ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ ఉంది, అడగొచ్చు. కాగితాల విషయంలో తానా 'టీమ్ స్క్వేర్' లాంటి స్వచ్ఛంద బృందాలకు ఈ దారి బాగా తెలుసు.

ఖననం చేసేవాళ్ల సంగతి

తెలుగు క్రైస్తవ కుటుంబాలకు పేటిక, వాల్ట్ రెండూ వస్తాయి కాబట్టి పై ధరల పోలిక వాళ్లకే ఎక్కువ పనికొస్తుంది. వాల్ట్ కావాలని ఏ రాష్ట్ర చట్టమూ అనదు. నేల కుంగకుండా ఉండాలని శ్మశానాలే అడుగుతాయి. గట్టి వాల్ట్ బదులు తేలికపాటి 'గ్రేవ్ లైనర్' ఒప్పుకుంటారా అని అడిగితే చాలాసార్లు వందల్లో తేడా వస్తుంది. ముస్లింలు పేటిక లేకుండా కఫన్‌తోనే ఖననం చేస్తారు. మసీదు కమిటీల ఏర్పాటు ఉన్నచోట ఖర్చు బాగా తక్కువ. గమనించాల్సింది ఏమంటే, ఫ్యునరల్ రూల్ ఫ్యునరల్ హోమ్‌లకే గానీ విడిగా నడిచే శ్మశానాలకు వర్తించదు. అక్కడ ధరల కాగితం అడిగి తీసుకోవాల్సిందే, ఇవ్వాలన్న బలవంతం వాళ్ల మీద లేదు.

ముందే కట్టేయడం

పెద్దవాళ్లు స్థిరపడిన ఇళ్లకు 'ప్రీనీడ్' ప్లాన్ల కాగితాలు పోస్టులో వస్తుంటాయి. ఇవాళ్టి ధరకే లాక్ చేసుకోండి అంటారు. నాకు ఇది నచ్చదు. ఊరు మారితే, పిల్లలు ఇంకో రాష్ట్రానికి తీసుకెళ్తే, ఆ సంస్థ మూతపడితే ఏమవుతుందన్నది రాష్ట్రాన్ని బట్టి, కాంట్రాక్టును బట్టి మారుతుంది. సోషల్ సెక్యూరిటీ ఇచ్చే మరణ సహాయం అర్హులకు 255 డాలర్లే, అది పూలకు కూడా సరిపోదు. కాబట్టి దాచుకోవాలంటే బ్యాంకులోనే దాచుకోవడం మేలు. 'పేయబుల్ ఆన్ డెత్' ఖాతా తెరిచి కొడుకో కూతురో పేరు రాస్తే, మరణ ధ్రువీకరణ పత్రం చూపించగానే కోర్టు తతంగం లేకుండా డబ్బు వాళ్ల చేతికొస్తుంది. డబ్బూ దాని వడ్డీ అప్పటిదాకా మీవే, మనసు మారితే తీసుకుని వాడుకోవచ్చు. ఆ ఖాతా నంబరుతోపాటు, మూడు ఫ్యునరల్ హోమ్‌ల ధరల కాగితాలు ఒకే ఫైల్లో పెట్టి, ఆ ఫైలెక్కడుందో ఇంట్లో ఇద్దరికి చెప్పి ఉంచండి. ధరలు మారుతుంటాయి కాబట్టి రెండు మూడేళ్లకోసారి ఆ కాగితాలు కొత్తవి తెప్పించుకోవాలి.